అక్షరాల అంచులకు పలు రంగుల బెవెల్ (ఉబ్బెత్తుగా కనిపించే వాలు అంచు): కోరెల్‌లో వెలుగు రంగు ఒకటే, నీడ రంగు ఒకటే. ఎలా చేస్తున్నారు?

రంగుపెట్టె_పర్లాకిమిడి
కోరెల్‌డ్రా బెవెల్ డాకర్ (పక్కన తెరుచుకునే సెట్టింగుల పెట్టె)తో విసిగిపోయాను. చైత్ర పర్వానికి రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దారిలో కట్టే స్వాగతం బోర్డు చేతిలో ఉంది. పైన ఒడియా, కింద తెలుగు. అక్షరాలు ఉలితో చెక్కినట్టు ఉబ్బెత్తుగా రావాలి, ఒక్కో అంచు ఒక్కో రంగులో మెరవాలి అని అడిగారు. డాకర్‌లో చూస్తే లైట్ కలర్ ఒకటి, షాడో కలర్ ఒకటి. సాఫ్ట్ ఎడ్జ్ పెట్టినా, ఎంబాస్ పెట్టినా అంతే. అక్షరం లోపల ఏడు రంగుల ఫౌంటెన్ ఫిల్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే నింపు) వేసి పైన బెవెల్ పెడితే ఫిల్ రంగులు కనిపిస్తున్నాయి కానీ అంచులు మాత్రం తెలుపు, నలుపే. నెట్‌లో దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల మీదే చేసి చూపిస్తున్నారు. వాటికి నిలువు గీతలు, అడ్డ గీతలు. మన అక్షరాలకి అసలు తిన్నటి గీత ఎక్కడుంది? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. అడ్వాన్స్ కూడా తీసేసుకున్నా, టెన్షన్‌గా ఉంది.

బరంపురం_బాబి
ఫొటోషాప్‌లో బెవెల్ కొట్టి పీఎన్‌జీ తెచ్చుకో. రెండు నిమిషాల పని.

రంగుపెట్టె_పర్లాకిమిడి
బోర్డు 20 అడుగులు బై 10 అడుగులు అన్నా. పైగా ఇవే అక్షరాలు చిన్న స్టిక్కర్లకీ, కరపత్రానికీ కావాలి. వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని గీతలుగా ఉంటేనే నాకు పని జరుగుతుంది.

కొలతల_మాస్టారు
ఆ సైజుకి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) పెట్టినా 17,280 బై 8,640 పిక్సెళ్లు. అంటే సుమారు 15 కోట్ల పిక్సెళ్లు. మామూలు షాపు కంప్యూటర్‌లో ఆ ఫైలు మీద లేయర్ స్టైల్స్ వేసి కూర్చుంటే ఒక్కో మార్పుకి టీ తాగి రావచ్చు. బాబీ, నీ సలహా కరపత్రానికి సరిపోతుంది, బోర్డుకి కాదు. ఇంకో మాట. ఫొటోషాప్ బెవెల్‌లో కూడా హైలైట్‌కి ఒక రంగు, షాడోకి ఒక రంగే ఉంటాయి. కాబట్టి అసలు సమస్య అక్కడికి వెళ్లినా తీరదు.

సున్నలరాజు
బెవెల్ వదిలేయ్ తమ్ముడూ. కాంటూర్ టూల్ తీసుకో, అక్షరం అంచుకి సమాన దూరంలో గీతలు గీసేది. ఇన్‌సైడ్ కాంటూర్, 12 స్టెప్పులు, మొదటి రంగు ఎరుపు, చివరి రంగు పసుపు, మధ్యలో ఇంద్రధనుస్సు తిరిగే ఆప్షన్ ఉంటుంది. అంచు నుంచి లోపలికి రంగులన్నీ వరసగా వస్తాయి. నేను పెళ్లి బ్యానర్లన్నీ ఇలాగే చేస్తాను.

అక్షరాల_అత్త
రాజుగారూ, మీరు చెప్పింది బాగానే ఉంటుంది కానీ అది బెవెల్ కాదు. కాంటూర్‌లో రంగు దేన్ని బట్టి మారుతుందో చూడండి. అంచుకి ఎంత దగ్గర, ఎంత లోపల అన్నదాన్ని బట్టి. అక్షరం చుట్టూ ఎటు చూసినా అంచు ఎరుపే. అలాంటప్పుడు కంటికి అది ఉబ్బినట్టు అనిపించదు, మెరుస్తున్న గొట్టంలా ఉంటుంది.

ఉబ్బినట్టు అనిపించాలంటే రంగు మారాల్సింది లోతుని బట్టి కాదు, దిశని బట్టి. పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. నాలుగు వాలులూ ఒకే పెంకుతో కట్టినా, పొద్దున తూర్పు వాలు ఒక రంగులో, పడమర వాలు ఇంకో రంగులో కనిపిస్తాయి. ఒకే వాలు మీద కిందా పైనా రంగు దాదాపు ఒకటే. అక్షరం అంచు కూడా అంతే. ఆ ముక్క ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి దానికి రంగు ఇవ్వాలి. ఇది పట్టుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే.

నేను ఎనిమిది దిక్కులకి ఎనిమిది రంగులు ముందే అనుకుంటాను. బోర్డు పైభాగం ఉత్తరం. వెలుగు వాయవ్యం నుంచి, అంటే ఎడమ పై మూల నుంచి వస్తోందనుకుంటే వాయవ్యానికి లేత పసుపు, ఉత్తరానికి బంగారు రంగు, పడమరకి నారింజ, ఈశాన్యానికి లేత ఆకుపచ్చ, నైరుతికి గులాబి, తూర్పుకి నీలం, దక్షిణానికి ఊదా, ఎదురు మూల ఆగ్నేయానికి అన్నిటికన్నా ముదురు నేరేడు రంగు. రంగులు ఏవైనా పెట్టుకోండి, కానీ వెలుతురు వైపు లేతవి, ఎదురు వైపు ముదురువి ఉండాలి. అది తప్పితే ఎన్ని రంగులు వేసినా అక్షరం చదునుగానే పడుకుంటుంది.

వంశధార_ఒడ్డు
అత్తా, ఈ ఎనిమిది దిక్కుల లెక్క మా గుణుపూర్ షాపులో గోడ మీద రాసి పెట్టుకుంటాను.

సున్నలరాజు
సరే, దిశ సంగతి ఒప్పుకుంటా. కానీ తిన్నటి గీతల అక్షరాలకి ఎనిమిది రంగులు వేయొచ్చు. గుండ్రటి 'ఠ'కి ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెడతారు? అది దిశలన్నీ తిరుగుతుంది కదా.

అక్షరాల_అత్త
అదే అసలు కష్టం, దానికే వస్తున్నా. ముందు రంగుపెట్టె చెప్పాలి, ఫాంట్ ఏది?

రంగుపెట్టె_పర్లాకిమిడి
ఇంకా తేల్చలేదు. పాత డీటీపీ ఫాంట్ ఒకటి వాడుతున్నా, సన్నగీత, లావుగీత తేడా ఎక్కువగా ఉన్నది. కాంటూర్ వేస్తే సన్నగా ఉన్న చోట లోపలి గీత మాయమైపోతోంది.

కొలతల_మాస్టారు
మాయం కాక ఏమవుతుంది? గీత మందం 4 మిల్లీమీటర్లు ఉంటే లోపలికి 2 వెళ్లేసరికి రెండు వైపులవీ కలిసిపోతాయి. ఆపైన మిగిలేదేమీ ఉండదు. అక్షరంలో అన్నిటికన్నా సన్నటి చోటు కొలువు, అందులో సగానికన్నా తక్కువ పెట్టు. మధ్యలో చదును పలక మిగులుతుంది, చుట్టూ వాలు వస్తుంది. అలా కాకుండా రెండు వాలులూ మధ్యలో కలిసి శిఖరం గీత వచ్చే ఉలి అక్షరమే కావాలంటే గీత మందం అంతటా దాదాపు సమానంగా ఉండే ఫాంట్ తీసుకో. రామభద్ర అందుకు పనికొస్తుంది. రెండు లిపులూ ఒకే కుటుంబంలా కనబడాలంటే బాలూ ఫాంట్ తీసుకో. తెలుగుకి బాలూ తమ్ముడు, ఒడియాకి బాలూ భాయినా ఉన్నాయి, దేవనాగరికి కూడా ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

సిరొంచ_శీను
బాలూకి నా ఓటు కూడా. మా దగ్గర మరాఠీ పైన, తెలుగు కింద. వేరే వేరే ఫాంట్లు పెడితే ఒకటి బక్కగా, ఒకటి బొద్దుగా ఉండి బెవెల్ మందం కుదరదు.

కర్వ్‌ప్రియ
ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. టైప్ చేసిన అక్షరాలని కర్వ్స్ (మామూలు గీతలు) చేశాక మొదట వెల్డ్ చేయండి, అంటే ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కల్ని ఒకటిగా కలపండి. తెలుగు ఫాంట్లలో గుణింతపు గుర్తులు, ఒత్తులు చాలావరకు వేరే ముక్కలుగా వచ్చి అసలు అక్షరం మీద పడి ఉంటాయి. నింపు రంగు ఒకటే ఉన్నంత సేపూ తెలియదు. కాంటూర్ వేయగానే 'గౌ' మీద ఔత్వం దగ్గర లోపల అడ్డంగా గాటు పడుతుంది. కోరెల్‌లో వెల్డ్, ఇల్లస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ యునైట్, ఇంక్‌స్కేప్‌లో యూనియన్. ఆ తర్వాత అనవసరపు నోడ్లు (గీత మీద పట్టుకుని లాగే చుక్కలు) తీసేయండి. నోడ్లు ఎక్కువైతే వాలు ముక్కలు చిన్నచిన్న పెంకుల్లా విరిగి కనిపిస్తాయి.

రంగుపెట్టె_పర్లాకిమిడి
'గౌ' దగ్గర గాటు! సరిగ్గా అదే పడుతోంది. మజ్జిగౌరమ్మ పేరులోనే ఉంది అది. ఇప్పుడే వెల్డ్ చేసి చూస్తా.

అక్షరాల_అత్త
ప్రియ చెప్పింది అయ్యాక ఇలా చేయి. కోరెల్ లెక్కనే చెప్తున్నా.

ఇన్‌సైడ్ కాంటూర్, ఒకటే స్టెప్పు. మూలలు మైటర్డ్‌లో (పదునుగా) ఉంచు, లేకపోతే లోపలికి వంగిన మూలల దగ్గర గుండ్రం చేసేస్తుంది. కంట్రోల్ కె కొట్టి కాంటూర్‌ని విడదీయి. ఇప్పుడు నీ దగ్గర బయటి అక్షరం, లోపలి అక్షరం రెండు ఉంటాయి. మధ్యలో ఉన్నదే వాలు పట్టీ. మూల ఉన్న ప్రతి చోటా బయటి మూల నుంచి లోపలి మూలకి ఒక గీత గియ్యి. స్నాప్ టు ఆబ్జెక్ట్స్ ఆన్ చేసుకుంటే గీత నోడ్‌కే అతుక్కుంటుంది. తర్వాత స్మార్ట్ ఫిల్ టూల్ తీసుకుని పట్టీలో ఒక్కో ముక్క మీద క్లిక్ చేస్తే ఒక్కోటీ విడి ఆబ్జెక్ట్ అవుతుంది. తిన్నటి ముక్కలకి దిక్కు చూసి ఒకే రంగు వేసేయి.

ఇప్పుడు సున్న సంగతి, అంటే ం. దీంట్లో రెండు పట్టీలు వస్తాయి. బయటి అంచుది ఒకటి, లోపలి కన్నం అంచుది ఒకటి. బయటి పట్టీకి ఫౌంటెన్ ఫిల్‌లో కోనికల్ (కేంద్రం చుట్టూ రంగు తిరిగే రకం) తీసుకుని, ఎనిమిది రంగులూ వరసగా చుట్టూ పెట్టు. మొదటి రంగు, చివరి రంగు ఒకటే ఉండాలి, లేకపోతే అతుకు గీత కనిపిస్తుంది. అదే ఫిల్ లోపలి పట్టీకి కూడా వేసి 180 డిగ్రీలు తిప్పు. ఎందుకంటే కన్నం పైఅంచు దగ్గర వాలు కిందికి చూస్తుంది, అది దక్షిణం, ఉత్తరం కాదు. ఈ తిప్పడం చేయగానే సున్న బోర్డు మీంచి లేచి వస్తుంది. నాకు ఈ పని మొత్తంలో బాగా ఇష్టమైన క్షణం ఇదే.

వంశధార_ఒడ్డు
చేశాను. లేచింది. మా ఆవిడని పిలిచి చూపించాను.

సున్నలరాజు
సున్నకి సరే, నా పేరుకి న్యాయం జరిగింది. 'క', 'శ', 'ఘ' మాటేమిటి? వాటికి ఒక కేంద్రం లేదు, కోనికల్ ఎక్కడ పెడతారు?

అక్షరాల_అత్త
వాటికి పట్టీని కోయాలి. వంపు మీద అంచు సరిగ్గా ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర వైపు చూసే చోట్లు ఉంటాయి కదా, అంటే వంపు అన్నిటికన్నా పైకి, పక్కకి, కిందికి పోయిన చోట్లు. మంచి ఫాంట్‌లో నోడ్లు చాలావరకు అక్కడే ఉంటాయి. అక్కడా, ఆ మధ్యలో మూలదిక్కుల దగ్గరా బయటి గీత నుంచి లోపలి గీతకి కోత పెట్టు. ఒక్కో ముక్కలో అంచు 45 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. ఆ ముక్కకి లీనియర్ ఫిల్ (ఒకే వైపుగా రంగు మారేది), మొదట్లో ఒక దిక్కు రంగు, చివర్లో పక్క దిక్కు రంగు. పక్క ముక్క అదే రంగుతో మొదలవుతుంది కాబట్టి అతుకు తెలియదు. అక్షరానికి పదిహేను, ఇరవై ముక్కలు పడతాయి. ఓపిక కావాలి, కానీ ఒకసారి చేసిన 'క' గుణింతం అంతటికీ పనికొస్తుంది.

కర్వ్‌ప్రియ
మెష్ ఫిల్‌తో, అంటే వల పరిచి ఒక్కో నోడ్‌కి ఒక్కో రంగు ఇచ్చేదానితో, ఇంకా మెత్తగా వస్తుంది కదా అత్తా?

అక్షరాల_అత్త
వస్తుంది. కాకపోతే కోరెల్‌లో మెష్ ఒకే మూసిన గీతకే పడుతుంది, కన్నం ఉన్న పట్టీకి పడదు. ఎలాగూ కోయాలి. కోశాక లీనియర్ చాలు అనేది నా అనుభవం. మెష్‌లో రంగు మార్చాలంటే ఒక్కో నోడ్ పట్టుకోవాలి, కట్టించుకునేవాళ్లు రంగు మార్చమన్న రోజు ఏడుపొస్తుంది.

కర్వ్‌ప్రియ
అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మలుపు బాగా ఇరుకుగా ఉన్న చోట, 'శ' లోపలి సుడి లాంటి దగ్గర, లీనియర్ అతుకులు కనిపిస్తాయి. ముక్క బయటి అంచు పొడవు, లోపలి అంచు పొట్టి. లీనియర్ రెండింటికీ ఒకే పొడవు లెక్కేస్తుంది. అక్కడ మెష్ తప్పదు. మిగతా చోట మీరు చెప్పిందే.

అక్షరాల_అత్త
సుడి దగ్గరైతే నిజమే. దగ్గరగా చూసే స్టిక్కర్‌కి మెష్ వేయండి. 20 అడుగుల బోర్డుని రోడ్డు మీంచి చూసేవాళ్లకి ఆ అతుకు కనబడదు.

బరంపురం_బాబి
ఇల్లస్ట్రేటర్‌లో స్ట్రోక్‌కే (అంచు గీతకే) గ్రేడియంట్, అంటే మారే రంగులు, వేయొచ్చు. సీఎస్6 నుంచి ఉంది. ఎలాంగ్ స్ట్రోక్ పెడితే రంగులు గీత వెంబడి తిరుగుతాయి. ఇంత కోత అక్కర్లేదు.

కొలతల_మాస్టారు
వృత్తం మీద పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే వృత్తంలో నడిచిన దూరమూ తిరిగిన కోణమూ సమానంగా పెరుగుతాయి. అక్షరం మీద ఆ పొత్తు ఉండదు. ఎలాంగ్ స్ట్రోక్ రంగుని గీత పొడవుని బట్టి మారుస్తుంది. తిన్నగా ఉన్న గీత మీద దిశ మారకపోయినా రంగు మారిపోతుంది. అక్రాస్ స్ట్రోక్ అయితే రాజుగారి కాంటూర్ లాగా లోతుని బట్టి మారుతుంది. మనకి కావాల్సింది ఆ రెండూ కాదు, అత్త చెప్పిన దిశ.

బరంపురం_బాబి
ఇది ఒప్పుకోవాల్సిందే మాస్టారూ. సున్నకి వాడుకుంటా, మిగతావాటికి కోస్తా.

సిరొంచ_శీను
ఇంక్‌స్కేప్ వాడేవాళ్లు ఎవరూ లేరా? డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, దిశని బట్టి రంగు వేసే పని అదే చేసి పెడుతుంది. ఫిల్టర్ ఎడిటర్ తెరిచి ఇలా కట్టాను.

సోర్స్ ఆల్ఫా (అక్షరం ఆకారం)కి గాసియన్ బ్లర్ (అంచు మసకబార్చడం). దాని మీద డిఫ్యూజ్ లైటింగ్ (ఆ ఉబ్బు మీద వెలుతురు వేసేది) మూడు సార్లు, మూడింటికీ ఇన్‌పుట్ ఆ బ్లరే. లైట్ సోర్స్ డిస్టంట్ (దూరపు దీపం). అజిమత్ (వెలుతురు వచ్చే దిక్కు కోణం) ఒకదానికి 225, ఒకదానికి 345, ఒకదానికి 105. అక్కడ కోణం కుడి నుంచి మొదలై గడియారం ముల్లు తిరిగే వైపు పెరుగుతుంది, కాబట్టి 225 అంటే ఎడమ పై మూల, అత్త చెప్పిన వాయవ్యం. మూడు లైట్లకి మూడు రంగులు. ఎలివేషన్ (దీపం ఎత్తు కోణం) 30. తర్వాత రెండు ఫలితాలని కలిపే కాంపోజిట్, అందులో అరిథ్మెటిక్, కె2 ఒకటి, కె3 ఒకటి, మిగతావి సున్న. దాంతో మొదటి రెండు లైట్లూ కలుస్తాయి. ఇంకో కాంపోజిట్‌తో మూడోది కలపాలి. ఆఖర్న కాంపోజిట్ 'ఇన్' పెట్టి సోర్స్ ఆల్ఫా ఇస్తే అక్షరం ఆకారానికి కత్తిరిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెడితే మధ్య చదును బూడిద రంగులో ఉంటుంది, అంచులు మాత్రం చుట్టూ ఇంద్రధనుస్సులా తిరుగుతాయి. అక్షరం మార్చి టైప్ చేసినా బెవెల్ దానంతటదే మారుతుంది. కోత లేదు, గీత లేదు.

రంగుపెట్టె_పర్లాకిమిడి
శీనన్నా, ఇది విని ప్రాణం లేచొచ్చింది. 'క'కి ముక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా ఇందాకటి నుంచీ.

కొలతల_మాస్టారు
శీను చెప్పింది అసలైన పద్ధతి. రెండు హద్దులు మాత్రం తెలుసుకుని దిగు. ఒకటి, బ్లర్ వల్ల వచ్చేది మెత్తటి ఉబ్బు, ఉలి దెబ్బ లాంటి పదునైన శిఖరం రాదు. రెండు, ఎస్‌వీజీలో (ఇంక్‌స్కేప్ సొంత ఫైలు రకంలో) అది వెక్టర్ లెక్కే కానీ పీడీఎఫ్ చేసేటప్పుడు ఫిల్టర్ భాగం బొమ్మగా మారుతుంది. సేవ్ చేసే చోట రాస్టరైజ్ ఫిల్టర్ ఎఫెక్ట్స్ అని, దాని కింద డీపీఐ ఉంటుంది, మామూలుగా 96. అసలు సైజులో పెట్టిన ఫ్లెక్స్‌కి అది చాలు. కరపత్రానికి 300 చేసుకో.

సిరొంచ_శీను
ఇంకొక్కటి. మరాఠీ బోర్డు చేసినప్పుడు ఇదే ఫిల్టర్ వేస్తే తెలుగు వరుస మిలమిలలాడింది, మరాఠీ వరుస వెలవెలబోయింది. శిరోరేఖ (మరాఠీ అక్షరాల తల మీద అడ్డ గీత) పొడవునా పైఅంచు ఉత్తరమే, కింది అంచు దక్షిణమే. రెండే రంగులు. ఆ గీత అక్షరాలన్నిటి మీదుగా పోతుంది కాబట్టి కన్ను దాన్నే చూస్తుంది. దానికి డిస్టంట్ తీసి పాయింట్ లైట్ పెట్టాను. డిస్టంట్ అయితే ఎక్కడున్నా వెలుతురు ఒకే వైపు నుంచి పడుతుంది. పాయింట్ అయితే దీపం ఉన్న చోటుని బట్టి గీత ఈ చివర ఒక రకంగా, ఆ చివర ఒక రకంగా వెలుగుతుంది. తిన్నటి గీతలకి ప్రాణం వచ్చింది.

వంశధార_ఒడ్డు
ఒడియాకి ఆ బెడద లేదు. అక్షరాల తల మీద గొడుగులా వంపు ఉంటుంది, ప్రతి అక్షరానికీ ఈశాన్యం, ఉత్తరం, వాయవ్యం మూడూ వచ్చేస్తాయి. నేను రెండు లిపులూ పక్కపక్కన పెట్టి చూశాను. బెవెల్ అనేది గుండ్రటి లిపుల కోసమే పుట్టిందా అనిపించింది.

కర్వ్‌ప్రియ
రంగుపెట్టె, రంగులు ఎంచుకునేటప్పుడు సీఎంవైకేలో (ప్రింటింగ్ సిరా రంగుల్లో) చూసుకో. స్క్రీన్ మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ ఫ్లెక్స్ మీద చప్పబడతాయి. గులాబి, పసుపు చాలావరకు నిలుస్తాయి. దీపం వైపు పసుపు కుటుంబం, ఎదురు వైపు ఊదా కుటుంబం పెడితే ప్రింట్‌లో కూడా ఎత్తు తెలుస్తుంది. ముందు ఒక అడుగు ముక్క టెస్ట్ ప్రింట్ తీయించు.

రంగుపెట్టె_పర్లాకిమిడి
తేల్చుకున్నా. బోర్డుకి శీనన్న ఫిల్టర్, ఎలివేషన్ కొంచెం పెంచి. 'మజ్జిగౌరమ్మ' అన్న ఒక్క పేరు మాత్రం అత్త పద్ధతిలో కోసి, ఉలి శిఖరంతో. ఆ పేరుకి అంత పని పడాలి. ఒడియా, తెలుగు రెండూ బాలూలో. ఇప్పుడు చివరి సందేహం. అదే పేరు స్టిక్కర్‌కి కటింగ్ ప్లాటర్ (గీత వెంబడి కత్తితో కోసే యంత్రం) మీద కోయాలి. ఇన్ని ముక్కలు ఉంటే ప్లాటర్ ప్రతి ముక్కా కోసేస్తుందా?

కొలతల_మాస్టారు
కోసేస్తుంది, అదే వదిలేస్తే. ప్లాటర్‌కి రంగుతో పని లేదు, గీత కనబడితే కత్తి పెడుతుంది. వెల్డ్ చేసిన బయటి అక్షరం కాపీ ఒకటి మొదట్లోనే దాచుకోవాలి. దాన్ని విడి లేయర్‌లో, ఫిల్ లేకుండా హెయిర్‌లైన్ (వెంట్రుకంత సన్నటి) గీతతో పెట్టు. ముక్కలన్నీ ఇంకో లేయర్‌లో, ప్రింట్‌కి మాత్రమే. రెండు లేయర్ల మీదా అవే రిజిస్ట్రేషన్ గుర్తులు (ప్రింటూ కోతా ఒకే చోట పడేలా చూసే గుర్తులు) ఉండాలి. ముందు ప్రింట్, తర్వాత ఆ గుర్తుల మీద నిలబెట్టి బయటి గీత కోత. బయటి గీతని అర మిల్లీమీటరు లోపలికి జరిపితే చుట్టూ తెల్ల అంచు పడదు.

రంగుపెట్టె_పర్లాకిమిడి
వెల్డ్ కాపీ ఉంది మాస్టారూ, అండూ కోసం పక్కన పెట్టుకున్నా. టెస్ట్ ముక్క ప్రింట్‌కి పంపిస్తున్నా.

సున్నలరాజు
ఆ ముక్క ఫొటో ఇక్కడ పెట్టు. ఈ సీజన్ పెళ్లి బ్యానర్లకి నేను కూడా కాంటూర్ ఆపి దిక్కుల లెక్క మొదలుపెడుతున్నా. అత్తా, 'శ్రీరస్తు'లో 'శ్రీ' ఎవరైనా ముందే కోసి ఉంటే ఆ ఫైలు పంచుకోండి, క్రావడి (ర ఒత్తు) దగ్గర నాకు పట్టు దొరకడం లేదు.

అక్షరాల_అత్త
నా దగ్గర 'శ్రీ' ఉంది, రాత్రికి పెడతాను. క్రావడి తోక అక్షరం కింద నుంచి ఎడమకి తిరిగే చోట దిక్కు త్వరగా మారుతుంది. అక్కడ 45 డిగ్రీలకి ఒక కోత చాలదు, 20కి ఒకటి పెట్టండి.